పుట్టిన తేదీ గడి

మా బళ్ళో సగం మంది జూలై ఒకటినే పుట్టారు.
నేను పెట్టిన ముహూర్తం కాదది,
నాకు ముందున్న హెడ్మాస్టరు చేతి అలవాటు.
చీమకుర్తి దుమ్ము పట్టిన అడ్మిషన్ రిజిస్టర్లో
పేజీ వెంట పేజీ
ఒకటి-ఏడు, ఒకటి-ఏడు, ఒకటి-ఏడు.

మా రూతమ్మమ్మకి అదీ లేదు.
"పొగాకు బ్యారన్లో కర్రలెక్కించేప్పుడు
మా యమ్మకి నొప్పులొచ్చినయ్యంట.
అదే నా తేదీ" అనేది.

ఒక డిసెంబరు, సెమీ క్రిస్మస్ రాత్రి
ఒంగోలు నుంచి వచ్చిన కుర్ర పాస్టరు
నిజాయితీపరుడు, పాపం, చెప్పేశాడు:
ఇరవై ఐదని ఎక్కడా రాసి లేదట.
ఎక్కడో చలిదేశంలో, ఎవరో రాజుల కాలంలో
పొద్దు మళ్ళే రోజున చేసుకునే పండగ మీద
ఈ పేరు తెచ్చి పెట్టారేమోనట.
చాపల మీద గుసగుస.
వెనక ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.
మా అమ్మమ్మ మాత్రం ఆకూవక్కా నముల్తానే
"దానికేవుందయ్యా,
బళ్ళో ఏసేటప్పుడు ఏ పంతులో ఏసుంటాడు" అంది.

ఆమెకి వాళ్ళ నాయనమ్మ చెప్పిన పండగ వేరు.
ధాత కరువులో
బకింగాం కాలవ తవ్వకానికి పోయిన జనం,
తట్టకింతని కూలి.
గుండ్లకమ్మలో మునిగి లేచి
మాతంగి పోలిగాడు యేసుపాదం అయ్యాడు.
చెప్పులు కుట్టేవాడికి పాదమనే పేరు,
చేసే పని మర్చిపోకుండా.
దొర వాక్యం చదువుతూ
ప్రభువు చెప్పుల వారు విప్పే యోగ్యత దగ్గరికొస్తే
ముందు వరసలోంచి లేచి
"అది మా పనే దొరా,
తెగితే కుట్టేదీ మేమే" అన్నాడంట.

ఆ యేడు కేకన్న మాట ఎవరూ వినలేదు.
పుట్టిందెవరో సగం మందికి తెలీదు.
తెలిసిందల్లా
ఆ ఒక్క రోజూ తట్ట ఎత్తక్కర్లేదని.
తల మీది చుట్టకుదురు తీసి
పిల్లకి దిండుగా పెట్టిందట మా ముత్తవ్వ.

తర్వాత అది కొత్తగుడ్డల పండగయ్యింది.
మా అమ్మ నాటికి
పొగాకు కంపెనీ బోనసు కోసం కాచుకునే పండగ.
నా చిన్నప్పుడు వెదురుబద్దల నక్షత్రం,
లోపల కిరసనాయిలు బుడ్డి.
ఏటా ఒకటి తగలబడేది,
ఏటా అదే పరుగు, అదే నవ్వు.
ఇప్పుడు ఫ్లెక్సీ మీద కొమ్ముల జింకలు, దూది మంచు.
చీమకుర్తిలో మంచేంటి?
ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద
తెల్లగా పడేది రాతిదుమ్మే.
నాయకులొచ్చి కేకు కోస్తారు, మైకు వాళ్ళదే.
మా తమ్ముడు డాబా మీద స్టార్ కడతాడు.
వాడి సర్టిఫికెట్లో మాత్రం వేరే పేరు, వేరే మతం.
ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తం.

మొన్న, పద్దెనిమిదో తేదీ,
క్వారీ నుంచి ఒకామె పిల్లోణ్ణి తెచ్చింది.
పేరు ఝరణా. ఒడిశా మనిషి,
తెలుగు ఏరుకుని ఏరుకుని మాట్లాడుతుంది.
పిల్లోడు టుకునా ఆమె కొంగులో దాక్కున్నాడు.
"ఎప్పుడు పుట్టాడమ్మా?"
"చలి. టార్పాలిన్ కింద. ఆసుపత్రి దూరం."
"తేదీ?"
అరచెయ్యి తిప్పి చూపించింది, తెలీదన్నట్టు.
గీతల్లో నల్లరాతి పొడి,
కిటికీ ఎండకి అందులో చుక్కలు మిణుకుమన్నాయి.

పెన్ను దానంతటదే ఒకటి-ఏడు మీదికి పోతోంది.
అప్పుడడిగింది:
"మిషన్ బంద్ ఏ రోజు, మేడం?"
ఇరవై ఐదున నడవదు, అన్నాను.
డ్రిల్లర్లంతా మా పాలెం వాళ్ళే.
"అయితే అదే రాయండి.
ఆ రోజు నేను వాడి దగ్గరుంటా."

గడి చిన్నది.
అంకెలు ఇరికించి రాసి
సిరా ఆరేదాకా
రిజిస్టర్ మూయలేదు.