నేర్పిన గంటల గడి

ఎంబరారా బోధనాసుపత్రిలో
రాజీనామాలు టైపు చేసేది నేనే.
పేరు బ్యారుగాబా. పద్దెనిమిదేళ్ళ సర్వీసు.
నా కీబోర్డు మీద ఆర్ అక్షరం అరిగిపోయింది,
ఇంగ్లీషులో రాజీనామాకి మొదటక్షరం అదే మరి.

ఈ ఏడాది ఏడుగురు.
ఎముకల డాక్టరు కంపాలా వెళ్ళాడు,
మత్తు డాక్టరమ్మ కిగాలీకి.
పిల్లల డాక్టరు ఎక్కడికీ వెళ్ళలేదు,
ఊరి చివర మందుల షాపు పెట్టుకుని
"రాత్రిళ్ళు నిద్రపోతున్నా" అన్నాడు
లాటరీ తగిలినవాడిలా.

సోమవారం సాయంత్రం డాక్టర్ క్యారిసీమా వచ్చింది.
చేతిలో కాగితం లేదు.
అదే భయమేసింది నాకు.

ఆమెని మొదట చూసింది నా తమ్ముడి మంచం దగ్గర,
నాలుగేళ్ళ కిందట.
చుట్టూ పదకొండుమంది విద్యార్థులు,
చేతులు మారుతూ ఒకే ఒక్క స్టెతస్కోపు.
"చెవితో కాదు, ఓపికతో వినండి.
రెండు చప్పుళ్ళ మధ్య ఏదో గొణుగుతోంది, దొరికిందా?"
పదిమంది దొరికిందని అబద్ధమాడారు.
అతుహైరే అనే పిల్ల మాత్రం లేదంది.
అందరినీ పంపేసి
ఆ లేదన్న పిల్ల వేళ్ళు పట్టుకుని
వాడి ఛాతీ మీద
అక్షరాలు దిద్దించినట్టు
ముప్పావుగంట.

ఆ ముప్పావుగంట ఏ రిజిస్టర్లోనూ లేదు.
నాకు తెలుసు, రిజిస్టర్లు నావే.
చూసిన రోగులకి గడి ఉంది, కోసిన కడుపులకి గడి ఉంది,
ఆలస్యానికైతే ఎర్ర సిరాతో సహా.
నేర్పినదానికి లేదు.
జీతం పట్టీ చదివితే
ఆమె ఎవరికీ ఏమీ నేర్పలేదు.

నిరుడు ఉత్తమ అధ్యాపకురాలని
గోడగడియారం ఇచ్చారు, బ్యాటరీ ఇవ్వలేదు.
"నా దగ్గర లేనిదేదో కనిపెట్టారు" అని నవ్వింది అప్పుడు.

కుర్చీ చూపించాను. కూర్చోలేదు,
కూర్చుంటే నిద్రొస్తుందట.
డబ్బేనా, అన్నాను.
"డబ్బూను. దాపరికమెందుకు, ఇంటద్దె పెరిగింది.
కానీ బ్యారుగాబా,
రాత్రంతా మేలుకున్న తెల్లారి నేను చెప్పేది
పాఠం కాదు, కలవరింత.
ఆ పిల్లలు దాన్నే రాసుకుంటున్నారు.
రేపు ఎవరి ఒంటి మీదో అప్పజెబుతారు.

గురువారం మధ్యాహ్నం నాకు వదిలేయమను.
బుధవారం రాత్రి డ్యూటీ ఇంకొకరికిమ్మను.
నేర్పినందుకని పట్టీలో ఒక వరస,
చిన్నదైనా సరే, దాని పేరుతో."

నేను ఆర్ నొక్కాను. పడలేదు.
మళ్ళీ నొక్కలేదు.
రోస్టరు తెరిచి, నా హోదాకి మించిన పని,
ఆలస్యం గడి పక్కన ఓ నిలువు గీత గీశాను.
నేర్పిన గంటలు.
ఆమె పేరుకెదురుగా
పాత బాకీ ముప్పావు అని వేశాను.

వంగి చూసింది.
"ముప్పావు కాదు, యాభై నిమిషాలు."
దిద్దాను.

కాగితం డైరెక్టరు ట్రేలో వేశాను.
ఇవాళ శనివారం. ట్రేలోనే ఉంది,
పైన ఎవరో పెట్టిన టీ కప్పు మచ్చతో.

బుధవారం రాత్రి మాత్రం
ఆమె బదులు అతుహైరే చేసింది,
ఇప్పుడు తనూ డాక్టరే.
ఎవరూ చెప్పలేదు. రోస్టర్లో అలా లేదు.
గురువారం పొద్దున వరండాలో ఎదురైతే
కళ్ళు ఎర్రగా ఉన్నాయి.
ఆ ఎరుపు నేనెరుగుదును.
ఏడుగురి కళ్ళల్లో చూశాను.

కొత్త కీబోర్డు కావాలని నేను రాసిన చీటీ కూడా
ఆ ట్రేలోనే, అడుగున.