గజానికి మూరలెన్ని

జనరల్ బజార్ల మా సేటు కొట్టు మెట్ల మీద
అండాలమ్మ పూలగంప.
లోపల నేను బట్ట చింపేది గజాల్ల,
బయట ఆమె మల్లెలు తెంపేది మూరల్ల.
మధ్యల ఒక్క గడప.

మీటర్లొచ్చి ఎన్నేండ్లయినా
మా ఇనుప గజం ఇంకా మూలకు నిలబడే ఉన్నది,
లంగా గుడ్డ గజాల్లనే అడిగే ముసలోళ్ళ కోసం.

బేరాల్లేని ఒక మధ్యాహ్నం
"నా చెయ్యి నీ కడ్డీకి ఎంతొస్తది?" అన్నది.
మోచెయ్యి ఆనించి, నడిమివేలు చాపి
ఒకటి. మళ్ళొకటి.
రెండు మూరలకు గజం దాటి
ఇంకో రెండు వేళ్ళు.
"చూసినవా, మీ సేటు కన్నా నేనే నయం" అని
ఆ పూటంతా నవ్వింది.

బోనాల రద్దీల
మోండా మార్కెట్ కాడ ఆటో గుద్దింది.
గాంధీ దవాఖానల కట్టు, మూడు నెలలు.
మల్లెలు పోయి చామంతులొచ్చినంక
కట్టిప్పినరు.
ముంజెయ్యి వంకరగా, పొట్టిగా అతికింది.

గంప దించకముందే లోపలికొచ్చింది.
"కడ్డీ తియ్యి."
ఒకటి. మళ్ళొకటి.
గజం కొస ఇంకా ముందటనే ఉన్నది.
మూడు వేళ్ళు తక్కువ, అన్న నేను.
ఆమె తన వేళ్ళు ఆ జాగల పెట్టి చూసి
"నాలుగు" అన్నది.

ఏటేటా తూనికలాయన వచ్చి
మా మీటరు బద్దకు ముద్ర గుద్ది పోతడు.
ఈమె చేతికున్న ముద్రల్లా
చిన్నప్పటి పచ్చబొట్టు, ఒక తేలు.
ఇప్పుడు దాని తోక కూడా వంగింది.

ఆ దినం నుంచి మూర మూరకు
బెత్తెడు కలిపి తెంపుతది.
లెక్కకు మూడు వేళ్ళు చాలవ్వా, అంటే
"నాలుగోది వణుకుడు కింద పోతది" అంటది.
కొనెటోళ్ళకేం తెలుసు?
ఆ బెత్తెడు మూరలదే అనుకుంటరు.
పూలు చేతుల పడ్డంక
"కొసరెయ్యవా?" అని నిలబడుతరు.
వేస్తది,
మొహం చిట్లించుకుంటనే.

నిన్న పరదా గుడ్డకొచ్చినాయన
ఫోన్ల ఒకటే అరుసుడు,
కొంపల్లిల గజం లక్షట.
ఆయన పోయినంక
అండాలమ్మ మెట్ల మీది నుంచే అడిగింది:
"ఆ గజానికి మూరలెన్ని, బిడ్డా?"
అడ్డం రెండు, నిలువు రెండు, అన్న.
దారం వేలికి చుట్టుకుంట
కొద్దిసేపు ఊకున్నది.
"పాత చేతివా, కొత్త చేతివా?"