ఓరగా

చిత్తూరు నుంచి ఒకాయన
గుడ్డలో చుట్టి జానెడు ముక్క తెచ్చినాడు.
తాత కట్టించిన ఇంటి వాకిలి పైన బీడింగు,
చెదలు తినంగా మిగిలింది ఇంతే.
"ఇట్నే పన్నెండడుగులు కావాల."

ఆ వంపు తీసే చిత్రిక
కొర్లగుంటలో ఎవురి దగ్గరా లేదు.
మునెయ్య ఆచారి ముక్కని చెంపకి ఆనించుకుని
ఒంటి కన్నుతో చూసి
రంపం బల్ల మీద గైడు కట్టెని
ఓరగా బిగించినాడు.
"తిన్నగా పోతే చీలతాది మే,
ఓరగా పోతే గుంట పడతాది."

పన్ను పన్నూ నిటారు.
ఆ చక్రానికి వంపంటే ఏందో తెలీదు.
అర నూలు లేపడం, తొయ్యడం,
మళ్లా అర నూలు, మళ్లా తొయ్యడం,
చేత్తో కాదు, తోపుడు కట్టెతో.
ఆత్రగాళ్ల వేళ్లు దానికి బాగా తెలుసు.
మధ్యలో గంటన్నర కరెంటు పోయింది.

పద్నాలుగో తోపుకి
టేకు పలక కడుపులో లోయ.
బొటనవేలు జారిస్తే
ఎక్కడా ఆగకుండా ఆ చివరికి పోయింది.

పాత ముక్క పక్కన పెట్టినాం.
కొలత కలిసింది, రంగు కలవలేదు.
"ముప్పయ్యేండ్లు పోనీ"
అన్నాడు ఆచారి, అగ్గిపెట్టె తడుముకుంటా.

సాయంత్రం కుప్పమ్మ వచ్చి
రంపపు పొట్టంతా గోతాంలో కూరుకుంది.
వంపు చిత్తూరికి పోయింది.
వంపులో లేనిదంతా
తెల్లారి లీలామహల్ కాడ
ఆమె పొయ్యిలో, ఇడ్లీల మీద ఆవిరి.

నాలుగు తిన్నా.
టేకు వాసనేం లేదు,
కారం మాత్రం బాగుండాది.