రెండూ ఇరవై మూడు

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న నాగవేణి మేడం
ఒక్క ఇనుప పెట్టెలో నాలుగు మిషన్లు పెట్టి
నాలుగింటికీ ఏర్ల పేర్లు పెట్టిపోయింది:
పెన్న, హగరి, పాపాఘ్ని, చిత్రావతి.
అనంతపురంలో ఏర్ల పేర్లు
ఊరికే పడి ఉంటాయి కదా, అందుకని కాబోలు.

మిషన్లనడం కూడా మాటవరసకే.
తడిమితే దొరకవు.
ఒకే ఇంట్లో నాలుగు వేరుకాపురాలు,
పక్క పొయ్యి మీద ఏం ఉడుకుతోందో
ఏ పొయ్యికీ తెలీదు.

చిత్రావతి పని వినడం.
జిల్లాలో ముప్పై ఒక్క మిద్దెల మీద వానకొలత డబ్బాలు,
డబ్బాలో ఒక చెంచా.
నిండగానే ఒరిగి టక్కుమంటుంది.
ఆ టక్కుల్ని లెక్కబెట్టి చిత్రావతి పెన్నకు చెబుతుంది,
పెన్న రాసుకుంటుంది.
జూన్ నుంచి అది చెప్పిందంతా
ఒకటే అంకె.

ఆ రాత్రి రెండూ పదిహేడుకు కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంది.
జనరేటర్ తాళం తిప్పీ తిప్పీ
కుళ్ళాయప్ప చేతులెత్తేసినాడు.
"డీజిలుండాది మేడం. మనసే లేదు దానికి."

బ్యాటరీలో పద్దెనిమిది నిమిషాలు.

పడిపోవడం వేరు, పడుకోబెట్టడం వేరు.
కరెంటు తనంతట తాను తెంచితే
నోట్లో మాట నోట్లోనే పోతుంది.
పడుకోబెడితే
ఏ అక్షరం మీద వేలుందో ఆ వేలు తీయకుండానే
తలలోదంతా డిస్కులోకి దించుకుని
కళ్ళు మూస్తుంది.
ముందు హగరి. ఆనక పాపాఘ్ని.
చెప్పేది పడుకున్నాకే రాసేది పడుకోవాలి గనక
చిత్రావతి, రెండూ ఇరవై మూడుకు. చివర పెన్న.
పెట్టె ఫ్యాన్లు ఆగాయి.
నా ఊపిరి నాకు వినబడింది.

దాని వెనకే, మిద్దె మీద, ఇంకేదో.

మొదట ఎవరో చేటలో జొన్నలు చెరుగుతున్నట్టు,
తర్వాత మూట విప్పి కుమ్మరించినట్టు.
కుళ్ళాయప్ప తలుపు తోసుకొచ్చినాడు,
గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.
"మేడం, వానప్పా! వాన!"

అరగంటకు పైగా.
మా మిద్దె మీద డబ్బా టక్కుటక్కుమంటూనే ఉంది
చెవుల్లేని గదికి.
దానికి చెప్పడమే వచ్చు,
గుర్తుపెట్టుకోవడం రాదు.

మూడు దాటాక కరెంటొచ్చింది.
లేపేటప్పుడు వరస తిరగబడుతుంది:
ముందు పెన్న, తర్వాత చిత్రావతి.
వేలు ఆ అక్షరం మీదే ఉంది.
దాని గడియారంలో ఇంకా రెండూ ఇరవై మూడు.
సజ్జా నుంచి చుక్కలు జారుతుంటే
అది పెన్నకు నిబ్బరంగా చెప్పింది:
సున్నా.

నేను తప్పు పట్టను.
పిత్తాశయం తీసేశాక మత్తు వదిలిన మా పిన్నమ్మ
డాక్టర్ని అడిగింది, "ఎప్పుడు కోస్తారు నాయనా?"

ఒక్క ఆజ్ఞతో గడియారం దిద్దాను.
రెండూ ఇరవై మూడు ఎగిరి
మూడూ ఆరు మీద వాలింది.
ఆ గంతు కింద వాన ఉండిపోయింది.

ఆరింటికి నివేదిక పోవాలి.
పై ఆఫీసు పట్టికకు ఖాళీలు గిట్టవు,
ఖాళీ గడిలో సున్నా కొట్టేయడం ఆనవాయితీ.
కుళ్ళాయప్పకు నార్పల దగ్గర మూడెకరాల శెనక్కాయ,
సున్నాలు పెరిగితే బీమా దగ్గరవుతుంది.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
చాలాసేపు స్క్రీను చూసినాడు.
"సున్నా వేస్తే నాకు మంచిదే మేడం" అన్నాడు.
చొక్కా అంచు పిండినాడు, నీళ్ళు గచ్చు మీద పడ్డాయి.
"కానీ తడిసినోణ్ణి నేనే గదా."

ఆ గడిలో "వినలేదు" అని కొట్టాను.
అంకెలు మాత్రమే, అంది పట్టిక.
చెరిపి ఖాళీగా వదిలాను.
ఎర్రగా మెరిసింది, మెరవనీ.

తర్వాత బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి
పెన్నుతో రాశాను:
రెండూ ఇరవై మూడు నుంచి మూడూ ఆరు దాకా
చిత్రావతి నిద్ర.
ఈ మధ్యలో వాన పడినది.
సాక్షి: కుళ్ళాయప్ప చొక్కా.

చొక్కా యూపీఎస్ మీద ఆరేసి ఉంది,
అక్కడ వెచ్చగా ఉంటుందని.