వంత

ఆదివారం బ్రిస్టల్ శివార్లలో, కార్ల డిక్కీలు తెరిచి అమ్మే సంతలో
తడిసిన టార్పాలిన్ మీద
పాత టోస్టరుకీ ఒంటి బూటుకీ మధ్య దొరికింది.
నాలుగు పౌండ్లన్నాడు. మూడున్నరకి ఇచ్చాడు.
అగ్గిపెట్టెకి పెద్దన్నలాంటి నల్లటి పెట్టె,
మూతి కింద ఎర్రటి గాజు కన్ను.
బ్యాటరీలు వేస్తే కాసేపు దోమ రాగం తీసి
నారింజ చుక్క వెలిగించుకుని
సిద్ధమంది.

దానికి తీగ లేదు, బుద్ధి లేదు.
ఎక్కడో ఒక మెరుపు కనబడితే
తనూ మెరుస్తుంది.
అంతవరకే దాని చదువు.

నా కెమెరా నెత్తినున్న ఫ్లాష్ ఎలాంటిదంటే
అర్ధరాత్రి టార్చి మొహాన కొట్టి
ఎవర్రా అనే వాచ్‌మన్ లాంటిది.
ముక్కు మీద సున్నం, చెవులు మాయం,
వెనక గోడ మీద మనిషికన్నా లావుగా నీడ.
నలుపు మొహాలమైతే మరీను.

"నా ఫోటోలన్నిట్లో నేను లేను, నా పళ్లున్నాయి"
అంది విన్సమ్.
ముప్పై ఒక్క ఏళ్లు ఆస్పత్రి లాండ్రీలో
ఊళ్లోని జ్వరాలన్నిటి దుప్పట్లూ మడతపెట్టిన మనిషి.
శుక్రవారం ఆఖరి షిఫ్టు.
"ఒక్కటి తియ్యి, నేనని తెలిసేట్టు."

గురువారం టీ వేళ, డ్రైయర్ల హోరులో
సబ్బు డబ్బాల అలమర మీద పెట్టెనుంచి
దాని మొహం తెల్లటి సీలింగుకి తిప్పాను.
నొక్కాను. రెండూ మెరిశాయి.
ఫోటోలో అదే సున్నం, అదే నీడ.
మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.
అరగంటకి గాని తట్టలేదు:
అసలు మెరుపుకి ముందు కెమెరా
కొలత కోసం ఓ చిన్న మెరుపు మెరుస్తోంది, మన కంటికి ఆనదు.
ఈ తిక్కది దానికే తలంబ్రాలు పోసేసి
ముహూర్తానికి ఖాళీ దోసిలి చూపిస్తోంది.

నేను మాన్యువల్ మీట కోసం వెతుకుతుంటే
విన్సమ్ పెట్టె చేతిలోకి తీసుకుంది.
వెనక తెల్లక్షరాల్లో రాసుంది: స్లేవ్.
రెండుసార్లు చదివింది.
"ఈ రేవులో ఆ మాట చవగ్గానే అమ్మారు"
అంది, అంతే. డ్రైయర్ ఒకటి ఆగింది.

నాకు నోట మాట రాలేదు.
తెలుగులో వెతికాను. బానిస. అదీ అంతే.
తర్వాత ఎక్కణ్ణుంచో తెనాలి మున్సిపల్ స్కూలు మైదానం,
పెట్రోమాక్స్ లైట్లు, బుర్రకథ గుర్తొచ్చాయి.
కథకుడు ఒక ముక్క అనీ అనకముందే
డక్కీ కొట్టి అందుకునే వంత.
వంత లేకపోతే కథకుడిది ఒట్టి కేక.
చేతులు తిప్పుతూ చెప్పాను, సగం ఇంగ్లీషులో,
సగం తందానలో.
"అంటే ఆల్టో," అంది. "చర్చిలో పాతికేళ్లుగా నా వరస."
రోగుల గౌన్లకి పేర్లంటించే టేపు ముక్క చింపి
ఆ మాట మీద అతికించి
చెరగని సిరాతో రాసింది: ఆల్టో.

శుక్రవారం కేకు దగ్గర నొక్కాను.
సీలింగు మీంచి వెలుగు జారి వచ్చింది,
ఉడికిన పప్పు మీద నెయ్యిలా.
గోడ మీది లావు నీడ ఎటు పోయిందో.
నుదురు ఒక రంగు, చెంప ఇంకో రంగు,
కణతల దగ్గర నెరిసిన ఉంగరాలు దేనికది.
విన్సమ్ స్క్రీను చాలాసేపు చూసి
"ఈవిడ నాకు తెలుసు," అంది.

అందరూ ఫోన్లెత్తారు, పెట్టె పలకలేదు.
మనవరాలు కెజాయా, తొమ్మిదేళ్లది,
రీలుతో పారేసే అట్ట కెమెరా ఎత్తి నొక్కగానే
అలమర మీద నా మూడున్నర పౌండ్లు
ఠక్కున అందుకున్నాయి.
ఎవరి మెరుపని అడగదు అది.

మూడు వారాలకి ప్రింటొచ్చింది.
వంకర, మూలన బొటనవేలు, మధ్యలో విన్సమ్,
పక్కన నోటినిండా కేకుతో నేను.
ఫోటోలు తీసేదాన్ని, ఫోటోల్లో ఎప్పుడూ ఉండను.
నా మొహంలో ఇంత రాగి ఉందని
ఎవరూ చెప్పలేదు నాకు.

పెట్టె కెజాయాకే ఇచ్చేశాను.
వాడనప్పుడు బ్యాటరీలు తీసెయ్యమన్నాను,
కారతాయి.