జత లేదు

మంగళవారాలు మా లైబ్రరీలో
పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పే పూట.
ఎస్టోనియాలో, ముహు దీవిలో, మార్చి అంటే ఇంకా మంచే.
ఊర్వె బూట్లు విదిలించుకుని వచ్చి
కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.
డెబ్బై తొమ్మిదేళ్లు. ఒళ్లోంచి సంచి దించదు.

మ్యూజియం సైటు తెరిచిచ్చాను.
పైన తెల్లగా వెతుకులాట పెట్టె.
ఊర్వె అందులో ఉత్తరం మొదలెట్టింది:
అయ్యా, మా మేనత్త లెయిదా
అరవై ఒకటిలో మీ వాళ్లకిచ్చిన
నారింజరంగు చేతితొడుగు
దయచేసి ఒక్కసారి చూపించగలరా.

ఫలితాలు: సున్నా.

"మర్యాదగానే అడిగానే!"

దానికి మర్యాద తెలియదండీ.
మీరు రాసిన ప్రతి మాటా
ఒకే కార్డు మీద ఉందా అని చూస్తుంది, అంతే.
దయచేసి అని ఏ కార్డు మీదా ఎవరూ రాయరు.

అయ్యా పోయింది. దయచేసి పోయింది.
చూపించగలరా కూడా పోయింది.
లెయిదా దగ్గర వేలు ఆగింది.
"అత్తనూ తీసేయాలా?"
అత్తనూ.
వెనకనుంచి ఒక్కో అక్షరం చెరిపింది,
నిద్రపోయిన పిల్లకి బొత్తాలు విప్పినంత నెమ్మదిగా.

చేతితొడుగు ఒక్కటే మిగిలింది.
పదకొండు వేల ఆరువందల నలభై.
ఎలుకనడిగితే కొండనిచ్చింది!

ఊరు పేరు చేర్చమన్నాను.
పొయిత్సె. మళ్లీ సున్నా.
మొదటి అచ్చు మీద అల గుర్తు పెట్టడం మరిచింది.
"ఆ చిన్న వంకరకేనా?"
ఆ వంకర లేకపోతే అది మీ ఊరు కాదు, దాని లెక్కలో.
అల పెట్టాక తొంభై నాలుగు.
సంవత్సరం పక్కన గడిలో అరవై ఒకటి. పదిహేడు.
నారింజ అని చేర్చితే ఒక్కటీ లేదు.
ఫొటోలన్నీ నలుపు తెలుపు.
ఆ పదిహేడులోనూ అత్త చెయ్యి కనబడలేదు.

ఇరవై ఏళ్లు ఈ బల్ల దగ్గర కూర్చుని
నేను నేర్చుకున్నది ఒకటుంది:
దాచినవాళ్ల మాటతో వెతకాలి.
మా ఆయన ఆర్నె వంటింటి డబ్బాల మీద
'పొడి' అని రాస్తాడు, పక్కదాని మీద 'ఇంకో పొడి'.
నాకు మిరియాలు కావాలంటే
ముందు ఆర్నెలా ఆలోచించాలి.

అందుకని ఊర్వెతో అన్నాను,
తార్తులో చలిగదిలో ఒక పిల్లని ఊహించండి.
ముందర గుట్ట. వేళ్లు కొంకర్లు.
మీ అత్తని చూడలేదు, ఏ ఊరో అడగలేదు.
ఆ పూటకి నలభయ్యో వస్తువు చేతికొచ్చింది.
కార్డు మీద ఏం కొడుతుంది?

ఊర్వె చాలాసేపు మంచుకేసి చూసింది.
"ఒక్కటే ఉంది కదా," అంది మెల్లగా.
"జత లేదు అని కొడుతుంది."

కొత్తగా మొదలెట్టాం. ఊరూ లేదు, ఏడాదీ లేదు.
అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టించాను,
రెండు మాటలూ ఒకదాని చెయ్యి ఒకటి వదలకుండా.

ఫలితాలు: మూడు.
రెండోదాని బొటనవేలి మొదట్లో
అల్లిక ఒక వరస తప్పింది.
ఊర్వె తెరని తాకింది.
ఉన్ని. ఎడమ చేతిది. జత లేదు.
ఇచ్చినవారు: తెలియదు.

అప్పుడు సంచి తెరిచింది.
కుడి చేతిది.
చిమటలు తిన్నచోట తిన్నా
నారింజ, ఇంకా మండుతూ.
"రెండూ ఇచ్చేస్తే చలికి నా చేతులేం కావాలి అందట.
ఒకటిచ్చి పంపేసింది."

చంకలో పిల్లని పెట్టుకుని
ఊరంతా వెతికారన్నమాట, అన్నాను.
"కాదు," అంది. "దీని కవలని."

అడుగున 'తప్పుంటే చెప్పండి' అని
ఇంకో పెట్టె ఉంది.
"ఇందులోనూ మాటలు తీసేయాలా?"
వద్దండీ, దీన్ని మనిషి చదువుతుంది.

ఊర్వె కుర్చీ ముందుకి జరుపుకుంది.
అయ్యా, అని మొదలెట్టింది,
మా మేనత్త లెయిదా...

ఐదింటి బస్సు వెళ్లిపోయింది.
నేను లైట్లు ఆర్పలేదు.