ఆకు వెనకాల

పలమనేరు దాటినాక గంగవరం దారిలో
చెంగల్రాయుడి టమాట కయ్య.
పొద్దుగాల ఆరింటికే వరుసలో కూచుంటా,
మెడలో భూతద్దం, ఒళ్లో నోటుబుక్కు,
తిరుపతి కాలేజీ నాకిచ్చిన నలభై మొక్కల లెక్క.

ఆకు తిప్పాలి. ఊపిరి బిగబట్టాలి.
తెల్లదోమ ఉంటే లేస్తుంది, పిండి దులిపినట్టు.
పాముపొడ ఉంటే ఆకు లోలోపలే
వంకర గీత పోతుంటుంది,
దారి తప్పినోడు వెనక్కి తిరగడానికి మొహమాటపడినట్టు.
ఎర్రనల్లి మాత్రం కదలదు.
మిరప్పొడి రవ్వ అనుకుని ఊదబోతే
దానికి ఎనిమిది కాళ్లుంటాయి.

"ఇన్నీ ఒకే ఆకు తింటా ఉండాయే,
కొట్టుకోవా ఇవి?"
గంప దించి, నడుం పట్టుకుని అడిగింది కుప్పమ్మ.

కొట్టుకుంటాయి కుప్పమ్మా.
ఒకదాని మొహం ఒకటి చూడకుండానే కొట్టుకుంటాయి.
కబుర్లు మోసేది మధ్యలో మొక్క.

కింది ఆకును పురుగు కొరికితే
పై ఆకుకు తెలిసిపోతుంది.
పై ఆకు చేదు నూరుకుంటుంది.
రేపు ఎవరొచ్చి కూచున్నా,
కొరికింది వాళ్లు కాకపోయినా,
ఆ చేదే వడ్డన.
ఒకరు తిన్న తిండికి ఇంకొకరి కడుపు మాడుతుంది.

అదే తెల్లదోమ ముందొచ్చి సూది దించిందనుకో,
మొక్క వేరే గంట కొడుతుంది,
తెగులొస్తే కొట్టే గంట.
రెండు గంటలూ ఒక్కసారి మోగడం కష్టం.
ఒకటి మోగుతుంటే రెండోదాని గొంతు తగ్గుతుంది.
ఆ సందులో నల్లి గుడ్లు పెట్టుకుంటుంది.

కుప్పమ్మ వింటున్నట్టే ఉంది, కళ్లు మాత్రం
ఎగువ కయ్యలో మందు కొట్టే మిషను మీద.

ఇంకో రకం నల్లి ఉంది,
ఈ కయ్యలో చూడలేదు, పుస్తకంలోనే చూశా.
అది తింటూ తింటూనే మొక్కను జోకొడుతుందట.
చేదు నూరే రోలు ఆగిపోతుందట.
ఆకు పాలబువ్వలా మెత్తబడుతుందట.
పాలబువ్వ అయినాక పక్కవాళ్లు ఊరుకుంటారా,
వాసన పట్టి వస్తారు.
అందుకే అది నేస్తుంది,
పొద్దూ మాపూ, ఆకంతా దట్టంగా,
తన కాళ్లకు బాట, పరాయి కాళ్లకు ఉచ్చు.
నోరు మూయించినోడికి కంచె పని తప్పదు.

కుప్పమ్మ నవ్వింది.
"అంటే మా మండీ పరంధామం మాదిరే గదమ్మా."

నా పెన్ను ఆగింది.

మూడేళ్ల కింద నారుకు అప్పిచ్చింది అతనే.
డ్రిప్పు పైపులకు, మందులకు,
కుప్పమ్మ తమ్ముడి ఆపరేషనుకు,
అడక్కముందే ఇచ్చాడు, అక్కా అని పిలిచి ఇచ్చాడు.
కసురుకోవడం మరిచిపోయింది ఆ ఇల్లు.
ఇప్పుడు క్రేటు అతనిది, చీటీ అతనిది, బండి అతనిది.
మొన్న వి.కోట నుంచి ఇంకో వ్యాపారి వచ్చాడంట,
కిలోకు రెండు రూపాయలు ఎక్కువిస్తానన్నోడు.
గట్టు మీదే నిలబడి, కాయ చూసి,
టీ తాగి పోయాడంట.

నా నోటుబుక్కులో దీనికి గడి లేదు.

ఇరవైమూడో మొక్క: తెల్లదోమ పదకొండు, నల్లి నూటనాలుగు.
ఇరవైనాలుగు: తెల్లదోమ తొమ్మిది, నల్లి ఎనభై దాకా,
మధ్యలో తుమ్మొచ్చి లెక్క తప్పింది.

ముప్ఫై ఒకటో మొక్క దగ్గర ఆగిపోయా.
అడుగాకులన్నీ తూట్లు. పై ఆకు ముట్టుకుంటే
వేళ్లకు పచ్చటి జిగురు, ముక్కుకు ఘాటు.
అటు మొక్కా ఇటు మొక్కా ఎర్రబారి ఉంటే
దీని మీద నల్లి ఒకే ఒక్కటి,
అది కూడా అంచుకు చేరి, దిగాలా వద్దా అన్నట్టు.

"ఇది చిన్నప్పుడే కొరుకుడు పడింది," అన్నా.
కుప్పమ్మ ఆకు నలిపి వాసన చూసింది.
"మా అత్త ఇట్టాంటిదే," అంది.
"ఆమెకు ఎవురూ అప్పిచ్చేవోళ్లు గాదు."

చేతులు చీర చెంగుకు తుడుచుకుంది.
జిగురు పోలేదు.
రోడ్డు మీద పరంధామం బండి హారను కొట్టింది,
ఒకసారి, మళ్లీ ఒకసారి.
కుప్పమ్మ గంప ఎత్తుకుని పోయింది.
నాకింకా తొమ్మిది మొక్కలున్నాయి.